లావెండర్ రకాలు, నూనెలు, మిశ్రమాలు: బెంగళూరు ఇళ్ళలో తరచుగా అడిగే ప్రశ్నలు

సంక్రాంతికీ ఉగాదికీ మా అపార్ట్‌మెంట్‌లో స్టాళ్ళు పెడతారు. మారతహళ్ళి వైపు కదా, సగం మంది తెలుగువాళ్ళే. ఇంట్లో చేసిన సబ్బులు, బీరువాలో పెట్టుకునే లావెండర్ సంచులు, రెండు మూడు రకాల రోల్‌ఆన్‌లతో నేనూ ఒక బల్ల వేస్తాను. అమ్మేది తక్కువ, జవాబులు చెప్పేది ఎక్కువ. "ఇది ఒరిజినలేనా అండీ?" "బాల్కనీలో పెరుగుతుందా?" "మా బాబుకు రాయొచ్చా?" ప్రతిసారీ ఇవే. అందుకే ఒకచోట రాసిపెట్టాను. వరుసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గర ఆగితే చాలు. నేను డాక్టర్ని కాను. కొన్నేళ్ళుగా ఈ నూనెలతో చేతులు కాల్చుకుంటూ నేర్చుకున్న మనిషిని, అంతే.

## ఏ లావెండర్?

లావెండర్ అంటే ఒకటే కదా, ఇన్ని రకాలేంటి?

మల్లె, జాజి, విరజాజి అన్నింటినీ కలిపి "మల్లెపూలు" అనేస్తే ఎలా ఉంటుందో, అన్నింటినీ "లావెండర్" అనడమూ అలాగే ఉంటుంది. ఈ జాతిలో నలభైకి పైగా మొక్కలున్నాయి. నూనె విషయంలో మూడు పేర్లు గుర్తుపెట్టుకుంటే చాలు. మొదటిది లావండ్యులా అంగుస్టిఫోలియా. అసలు లావెండర్ అనేది దీన్నే. చల్లటి కొండల మొక్క, వాసన మెత్తగా, కాస్త తీపిగా ఉంటుంది. రెండోది లావండ్యులా లాటిఫోలియా, వాడుకలో స్పైక్ లావెండర్. ఇందులో కర్పూరం, నీలగిరి తైలం ఘాటు బాగా తెలుస్తుంది. ఈ రెండింటి సంకరం మూడోది, లావండిన్. సీసా మీద దీన్ని లావండ్యులా ఇంటర్మీడియా అని రాస్తారు.

నర్సరీల్లో "ఫ్రెంచ్ లావెండర్" అని అమ్మే స్టోకస్, డెంటాటా రకాలు వేరు. అవి అందానికి పెంచుకునేవి. మీరు కొనే సీసాలో ఉండేది వాటి నూనె కాదు.

రోజూ వాడడానికి ఒక్కటే కొనాలంటే ఏది?

అంగుస్టిఫోలియా, 10 ఎంఎల్ సీసా. చర్మానికి, దిండుకు, గదిలో వాసన చిమ్మే డిఫ్యూజర్‌కు అన్నింటికీ సర్దుకుంటుంది. రెండు కొనగలిగితే రెండోది లావండిన్ తీసుకోండి. ఇల్లు తుడవడానికి, బట్టలకు, బాత్రూమ్‌కు ఖరీదైన నూనె పోయడం నాకైతే మనసొప్పదు. నెయ్యితో దోసె కాలుస్తాం గానీ పెనం తుడవం కదా.

లావండిన్ అంటే కల్తీ సరుకా?

కాదు. లావండిన్ అని చెప్పి అమ్మితే అది నిఖార్సైన సరుకే. ఈ సంకర మొక్క గింజ కట్టదు, కొమ్మలు నాటి పెంచుతారు. ఫ్రాన్స్‌లో విరివిగా వేసే గ్రోసో అనే రకానికి ఐఎస్ఓ 8902 అని విడిగా ప్రమాణం కూడా ఉంది. అసలు లావెండర్ నూనె ఒక కిలో రావాలంటే 100 కిలోలకు పైగా పూలు కావాలి. లావండిన్‌కు అందులో సగం కూడా అక్కర్లేదు, అందుకే చవక. తేడా అంతా కర్పూరంలో ఉంది. అసలు లావెండర్‌లో కర్పూరం సాధారణంగా ఒక శాతం లోపే, గ్రోసోలో దాదాపు 6 నుంచి 8 శాతం. అందుకే లావండిన్ వాసన చురుగ్గా, మనిషిని లేపేట్టు ఉంటుంది. నిద్రకు కొని "ఇది పని చేయట్లేదు" అని వచ్చినవాళ్ళ సీసా తిప్పి చూస్తే చాలాసార్లు ఇంటర్మీడియా అని ఉంటుంది. లావండిన్ పోసి, లావెండర్ అని రాసి, లావెండర్ ధర తీసుకుంటే మాత్రం అది మోసమే.

కశ్మీర్, ఫ్రెంచ్, బల్గేరియన్: ఏది మంచిది?

ఊరి పేరు చూసి డబ్బు ఎక్కువ పెట్టకండి. ప్రపంచంలో అసలు లావెండర్ నూనె ఎక్కువగా తీసేది బల్గేరియా, లావండిన్ ఎక్కువగా ఫ్రాన్స్‌ది. ఫ్రాన్స్‌లో హోత్ ప్రొవాన్స్ కొండల లావెండర్ నూనెకు 1981లో ప్రాంతపు గుర్తింపు ఇచ్చారు, మన తిరుపతి లడ్డుకు జీఐ ఇచ్చినట్టు. మన దేశంలో జమ్మూ వైపు దోడా జిల్లా భదర్వాలో, ఇంకా కశ్మీర్ లోయలో పండిస్తున్నారు. కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ నడిపే అరోమా మిషన్ కింద మొక్కలు ఇవ్వడంతో మొక్కజొన్న వేసే రైతులు చాలామంది ఇటు మళ్ళారు. "ఊదా విప్లవం" అని వార్తల్లో చదివే ఉంటారు. నేను ఈ మధ్య వాడుతున్నది భదర్వాదే. బాగుంది, దారి ఖర్చూ తక్కువ. ఒకే ఊరి నూనె అయినా ఈ ఏడాదిది, పోయినేడాదిది ఒకలా ఉండవు. కాబట్టి పంట ఏడాది, బ్యాచ్ నంబరు అడగండి.

## కొనేటప్పుడు

ఎసెన్షియల్ ఆయిల్‌కీ ఫ్రాగ్రెన్స్ ఆయిల్‌కీ తేడా ఏంటి?

మొదటిది పూల నుంచి ఆవిరి పట్టి తీసేది. రెండోది ఫ్యాక్టరీలో తయారైన సువాసన, అగరబత్తికి, కొవ్వొత్తికి పనికొస్తుంది. అది విషమేం కాదు గానీ, లావెండర్ గుణాలు అందులో వెతకొద్దు. "పర్ఫ్యూమ్ ఆయిల్", "అరోమా ఆయిల్", "డిఫ్యూజర్ ఆయిల్" అని ఉంటే దాదాపుగా ఈ రెండో రకమే అనుకోండి.

99 రూపాయలకు 15 ఎంఎల్ దొరుకుతోంది, కొనొచ్చా?

లెక్క వేద్దాం. మన దేశపు లావెండర్ నూనెకు రైతు దగ్గరే లీటరుకు దాదాపు 10,000 రూపాయలు పలుకుతుందని వార్తల్లో తరచూ వస్తుంది. అంటే 15 ఎంఎల్ నూనె ఖరీదే 150. దానికి గాజు సీసా, డ్రాపర్, లేబుల్, జీఎస్టీ, కొరియర్, దుకాణం లాభం కలపండి. 99కి ఎలా వస్తుంది? బట్టల అరలో పెట్టే దూదికి కావాలంటే కొనండి, ఒంటికి వద్దు.

ఒరిజినలో కాదో ఇంట్లోనే కనిపెట్టే చిట్కా ఉందా?

సగం చిట్కా ఉంది. తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి, మరుసటి రోజు చూడండి. జిడ్డు మరక మిగిలితే అందులో కొబ్బరినూనె లాంటిదేదో కలిపారని అర్థం. మరక లేకపోతే మాత్రం "స్వచ్ఛమైనది" అని కాదు. ల్యాబ్‌లో తయారైన లినలూల్, లినలిల్ ఎసిటేట్ కూడా మరక లేకుండానే ఎగిరిపోతాయి. లావెండర్ వాసనలో ముఖ్యమైనవి ఈ రెండే, కల్తీకి వాడేవీ ఇవే. నీళ్ళలో వేసి చూడడం, ఫ్రిజ్‌లో పెట్టి చూడడం లాంటివి కాలక్షేపానికి తప్ప పనికిరావు.

ఇంకో పని చేయొచ్చు. అదే కాగితాన్ని పావుగంటకు, రెండు గంటలకు, పొద్దున్నే వాసన చూడండి. మంచి నూనె మారుతూ పోతుంది: మొదట పచ్చిగా, గడ్డి కోసినట్టు. తర్వాత పూల తీపి. చివరికి ఎండుగడ్డిలా సన్నగా మిగులుతుంది. నకిలీది మొదటి నిమిషం ఎలా ఉందో చివరిదాకా అలాగే ఒకటే పాట పాడుతుంది. ఇది రుజువు కాదు గానీ, ముక్కుకు అలవాటైతే బాగానే పట్టిస్తుంది. గట్టి రుజువు కావాలంటే మీ బ్యాచ్ నంబరుతో ఉన్న జీసీ-ఎంఎస్ రిపోర్టు (నూనెలో ఏ పదార్థం ఎంతుందో చెప్పే ల్యాబ్ పరీక్ష) అడగాలి. అడిగితే పంపే కంపెనీలు ఉన్నాయి. పంపనివాళ్ళ దగ్గర నేను కొనడం మానేశాను.

"థెరప్యూటిక్ గ్రేడ్" అని ఉంటే నమ్మొచ్చా?

ఆ గ్రేడ్ ఇచ్చే ప్రభుత్వ సంస్థేదీ లేదు. కంపెనీలు సొంతంగా వేసుకునే ముద్ర అది. ఆ మాట వదిలేసి లాటిన్ పేరు, ఏ భాగం నుంచి తీశారు, ఎలా తీశారు, ఏ దేశం, బ్యాచ్ నంబరు చూడండి.

"లావెండర్ 40/42" అంటే?

ప్రతి బ్యాచ్ ఒకేలా ఉండేలా సర్దిన నూనె. సబ్బులవాళ్ళ కోసం పుట్టింది. చాలాసార్లు అందులో లావండిన్ గానీ, ల్యాబ్ సరుకు గానీ కలిసి ఉంటుంది. నేను సబ్బుకు ఇదే వాడతాను, దాచేదేం లేదు. సబ్బుకు వాడే లై (కాస్టిక్ సోడా ద్రావణం) ఘాటులో ఖరీదైన నూనె నాజూకుతనం ఎలాగూ నిలవదు. ఒంటికి రాసుకునే నూనెలో మాత్రం వేయను.

## బాల్కనీలో మొక్క

బెంగళూరు చల్లగానే ఉంటుంది కదా, లావెండర్ పెరుగుతుందా?

నేనూ ఇలాగే మోసపోయాను. హోత్ ప్రొవాన్స్ గుర్తింపు కావాలంటే 800 మీటర్లకు పైన పండించాలి, మన బెంగళూరు 900 మీటర్ల ఎత్తులో ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాను. ఎత్తు సరే, చలి ఏది? అంగుస్టిఫోలియాకు బాగా పూత రావాలంటే శీతాకాలంలో గట్టి చలి తగలాలి. మన డిసెంబరు రాత్రి స్వెటర్ వేసుకునే చలే గానీ, ఆ మొక్క లెక్కలో అది చలి కాదు.

అసలు శత్రువు వాన. ఒక నర్సరీలో "ఇంగ్లిష్ లావెండర్" అని 350 రూపాయలు పెట్టి తెచ్చాను. ఏప్రిల్, మే నెలల్లో వెండి రంగు ఆకులతో ముచ్చటగా ఉంది. జూలైలో మన సన్నతుంపర మొదలైంది. పదిరోజులు ఎండ లేదు. కింది ఆకులు ముందు బూడిద రంగుకు, తర్వాత నల్లగా తిరిగాయి. కాండాన్ని వేలితో తడితే పైతొక్క ఉడికిన చిలగడదుంపలా జారి చేతికొచ్చింది. కుండీ బోర్లిస్తే లోపలంతా కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) ముద్ద, పిండితే నీళ్ళు. నర్సరీవాళ్ళు కోకోపీట్‌లోనే ఇస్తారు, బరువు తగ్గుతుందని. లావెండర్‌కు అది తడి పరుపుమీద పడుకోబెట్టినట్టే.

మరి ఏ రకం అడగాలి, ఎలా పెంచాలి?

డెంటాటా అడగండి, ఆకు అంచు రంపం పళ్ళలా ఉంటుంది. లేదంటే స్టోకస్, దీని పూగుత్తి మీద కుందేలు చెవుల్లా రెండు రేకులు లేస్తాయి. ఈ రెండూ చలి లేకపోయినా పూస్తాయి, వానను కాస్త ఓర్చుకుంటాయి. లాల్‌బాగ్‌లో జనవరి, ఆగస్టు నెలల్లో పూల ప్రదర్శన జరుగుతుంది. ఆగస్టులో ముచ్చటపడి కొనకండి, ముందున్నవన్నీ వానలే. జనవరిలో కొంటే మొక్క కుదురుకోవడానికి నాలుగు నెలలు ఎండ ఉంటుంది.

తెచ్చిన రోజే మట్టి మార్చండి. ఎర్రమట్టి ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు, చిన్న కంకర గానీ పెర్లైట్ గానీ ఒక పాలు. మన ఎర్రమట్టికి కాస్త పులుపు గుణం ఉంటుంది, చాలా లావెండర్ రకాలకు అది నచ్చదు, డెంటాటా అయితే చిటికెడు సున్నం కలపండి. స్టోకస్ మాత్రం పులుపు మట్టినే ఇష్టపడుతుంది, దానికి సున్నం వద్దు. ప్లాస్టిక్ కాదు, మట్టి కుండీ. రోజుకు ఆరు గంటల ఎండ తగలాలి. మట్టిలో వేలు దూర్చి రెండు కణుపుల లోతు దాకా పొడిగా ఉంటేనే నీళ్ళు. రోజూ తులసికి పోసిన చేత్తో దీనికీ పోస్తే చచ్చిపోతుంది.

ఇంటి మొక్క పూలతో నూనె తీసుకోవచ్చా?

కుక్కర్ విజిల్ దగ్గర పైపు తగిలించే వీడియోలు చూసి అడుగుతుంటారు. దయచేసి వద్దు, ప్రమాదం. అరకిలో పూలు పోగుచేసినా వచ్చేది కొన్ని ఎంఎల్ మాత్రమే. ఎండబెట్టి సంచిలో పోసి బీరువాలో పెట్టుకోండి.

లావెండర్ బతకట్లేదు, దానికి బదులు మన మొక్క ఏదైనా ఉందా?

దవనం. నవంబరులో విత్తితే ఫిబ్రవరి, మార్చికల్లా కోతకొస్తుంది. గాంధీబజార్‌లోనో కె.ఆర్. మార్కెట్‌లోనో కనకాంబరాల మాలలో ఆ బూడిదాకుపచ్చ కొమ్మ వాసన తెలియనివాళ్ళు ఎవరు? దవనం నూనె ప్రపంచానికి వెళ్ళేది ప్రధానంగా మన దక్షిణాది నుంచే. మొక్కకు ఇసుక మట్టి, ఎండ చాలు. మరువం అయితే ఇంకా సులువు. పొద్దున్న బాల్కనీ తలుపు తీసి మరువం మీద చెయ్యి రాస్తే వచ్చే వాసన ముందు నాకు చచ్చిపోయిన ఆ 350 రూపాయల మొక్క గుర్తుకు రాదు. ఇంకో మాట, లావెండర్ కుటుంబం మనకు పూర్తిగా పరాయిది కూడా కాదు. లావండ్యులా బిపిన్నాటా అనే మొక్క మన దేశంలో సహజంగానే పెరుగుతుంది. నూనె కోసం ఎవరూ పెంచరు, అంతే.

## కలపడం

పది ఎంఎల్ రోల్‌ఆన్‌లో ఎన్ని చుక్కలు వేయాలి?

రోజూ రాసుకునేదైతే 2 చుక్కలు, అది 1 శాతం. అప్పుడప్పుడు వాడేదైతే 4 చుక్కలు, అది 2 శాతం. ముఖానికి 1 శాతం దాటకండి. సుమారు 20 చుక్కలు ఒక ఎంఎల్ అని ఈ లెక్క. నూనెలు ఎన్ని రకాలు కలిపినా మొత్తం చుక్కలే లెక్క, ఒక్కోదానికి నాలుగేసి కాదు. వాసన చాలట్లేదని చుక్కలు పెంచేవాళ్ళే ఎక్కువ. ముక్కు ఐదు నిమిషాల్లో అలవాటు పడిపోతుంది, చర్మం మాత్రం లెక్క మర్చిపోదు.

ఏ నూనెలో కలపాలి? కొబ్బరినూనె సరిపోతుందా?

సరిపోతుంది, కానీ గానుగ కొబ్బరినూనెకు సొంత వాసన ఎక్కువ, లావెండర్‌ను మింగేస్తుంది. పైగా మన డిసెంబరు పొద్దుల్లో గడ్డకట్టి రోల్‌ఆన్ గుండు తిరగదు. ఒంటికి నువ్వులనూనె గానీ బాదం నూనె గానీ బాగుంటాయి. ఏడాదిపాటు నిలవ ఉండాలంటే జోజోబా.

నిద్రకు మీరు వాడే మిశ్రమం చెప్పండి.

10 ఎంఎల్ బాదం నూనెలో అసలు లావెండర్ 3 చుక్కలు, వట్టివేరు 1 చుక్క. వట్టివేరు నూనె ముదురు తేనెలా ఉంటుంది, డ్రాపర్‌లోంచి పడదు. సీసాను పది నిమిషాలు గోరువెచ్చటి నీళ్ళ గ్లాసులో నిలబెడితే దిగుతుంది. ఆ ఒక్క చుక్క చాలు, రెండు వేస్తే కూలర్ తడకలో పడుకున్నట్టు ఉంటుంది. కలిపిన రోజు వాసన మొరటుగా ఉంటుంది, వారం ఆగితే రెండూ సర్దుకుంటాయి. మణికట్టుకు, మెడ వెనక రాసుకుంటాను.

సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో తలపోటుకు ఏదైనా?

10 ఎంఎల్‌లో లావెండర్ 1 చుక్క, పుదీనా నూనె 1 చుక్క. కణతలకు కాదు, కాస్త పైన నుదుటికి రాయండి, కంట్లోకి జారకుండా. చల్లగా ఉంటుంది, హాయిగా ఉంటుంది. తలపోటు రోజూ వస్తుంటే రోల్‌ఆన్ పక్కనపెట్టి డాక్టరుకు చూపించుకోండి.

ఇల్లు తుడిచే నీళ్ళలో వేస్తే నూనె పైన తేలుతోంది, ఏం చేయాలి?

నేరుగా బకెట్‌లో వేస్తే తేలక ఏం చేస్తుంది? ముందు రెండు చెంచాల కుంకుడు రసంలో లావండిన్ 5 చుక్కలు, నిమ్మగడ్డి నూనె 3 చుక్కలు వేసి నురగ వచ్చేదాకా కలిపి, అప్పుడు నీళ్ళలో పోయండి. ఫ్లోర్ క్లీనర్ అయినా పర్లేదు. పాకే పిల్లలు గానీ, పిల్లి గానీ ఉన్న ఇంట్లో ఉట్టి నీళ్ళే మంచిది.

దిండు మీద చల్లే స్ప్రే ఇంట్లో చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు గానీ అందరూ అనుకునేంత సులువు కాదు. నీళ్ళూ నూనే కలవవు, కలపడానికి పాలిసార్బేట్ 20 లాంటిది కావాలి. ప్రిజర్వేటివ్ లేని నీళ్ళలో వారంలో సూక్ష్మజీవులు చేరతాయి. దీనికంటే పాత చేతిరుమాలు మీద ఒక చుక్క వేసి దిండు గలీబులో దోపండి. లేదా లావెండర్ పన్నీరు కొనండి. నూనె తీసేటప్పుడు మిగిలే సువాసన నీళ్ళే అవి, గులాబీ పన్నీరు లాగే. ఫ్రిజ్‌లో పెట్టి వాడుకోవాలి.

నిమ్మ, బెర్గమాట్ (నిమ్మజాతి పండు) నూనెలు లావెండర్‌తో కలిపి రాసుకుని బయటికెళ్ళొచ్చా?

రాసుకున్న చోట ఎండ తగిలితే ప్రమాదం. తొక్క పిండి తీసిన నిమ్మ, బెర్గమాట్ నూనెల్లో ఉండే ఫ్యూరోకూమరిన్లు ఎండతో కలిసి చర్మాన్ని కాలుస్తాయి, నల్లమచ్చలు నెలల తరబడి ఉండిపోతాయి. రాసుకుంటే 12 గంటలు ఎండ తగలనివ్వకండి. లేదంటే నారింజ నూనె వాడండి, తీపి నారింజకు ఈ బాధ లేదు. డిఫ్యూజర్‌లో అయితే ఏదైనా పర్లేదు.

దవనం నూనె లావెండర్‌తో కలుస్తుందా?

భలే కలుస్తుంది. ఎండు ఖర్జూరం లాంటి తీపి వస్తుంది. లావెండర్ 5 చుక్కలకు దవనం ఒక్కటి. లావెండర్ కంటే ఖరీదైనది కాబట్టి 2 ఎంఎల్ సీసా చాలు.

దీపారాధన నూనెలో నాలుగు చుక్కలు వేయొచ్చా?

వద్దు. నువ్వులనూనె వత్తి ద్వారా నిదానంగా మండుతుంది. ఎసెన్షియల్ ఆయిల్ అంతకంటే చాలా తక్కువ వేడికే ఆవిరై అంటుకుంటుంది. దేవుడి గదిలో సువాసన కావాలంటే పళ్ళెంలో నాలుగు కొమ్మలు దవనం పెట్టండి.

## వాడేటప్పుడు

డిఫ్యూజర్‌లో ఎన్ని చుక్కలు, ఎంతసేపు?

100 ఎంఎల్ నీళ్ళకు 3 నుంచి 5 చుక్కలు. అరగంట పెట్టి ఆపేయండి, కిటికీ కాస్త తెరిచి ఉంచండి. రాత్రంతా నడిపితే పొద్దున్నకు తలనొప్పే మిగులుతుంది.

ఇక నీళ్ళు. ట్యాంకర్ నీళ్ళు, బోరు నీళ్ళు పోయకండి. అల్ట్రాసోనిక్ డిఫ్యూజర్ నీటిని తుంపరగా ఎగరేస్తుంది, నీళ్ళలోని ఉప్పులూ దాంతో పాటే లేస్తాయి. మా టీవీ మీద తెల్లపొడి పడుతుంటే ముగ్గుపిండి అనుకుని రెండు వారాలు పనమ్మాయిని సతాయించాను. తర్వాత డిఫ్యూజర్ అడుగు చూస్తే గుండ్రటి పలక మీద గీజర్ కాయిల్‌కు పట్టినట్టు తెల్లటి పొర. నిమ్మఉప్పు అరచెంచా వెచ్చటి నీళ్ళలో కలిపి పావుగంట ఉంచి, దూదిపుల్లతో తుడిస్తే పోయింది. పనమ్మాయికి క్షమాపణ కూడా చెప్పాను. ఇప్పుడు ఆర్వో నీళ్ళే పోస్తున్నాను.

లావెండర్ నేరుగా రాసుకున్నా ఏం కాదంటారు, నిజమేనా?

ఈ నమ్మకం వెనక ఒక కథ ఉంది. 1910లో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త గాట్‌ఫోసే ప్రయోగశాల ప్రమాదంలో కాలి, ఆ పుండ్లకు లావెండర్ నూనె వాడాడు. అరోమాథెరపీ అన్న మాట ఆయన పెట్టిందే. ఆ కథ పట్టుకుని కాలిన చోట సీసా వంచకండి. కాలితే ఇరవై నిమిషాలు చల్లటి కుళాయి నీళ్ళ కింద పెట్టడమే ముందు చేయాల్సింది. మామూలుగా కూడా నూనెలో కలిపే రాయండి. నేరుగా పదేపదే రాస్తే కొందరికి ఎలర్జీ మొదలవుతుంది. ఒకసారి మొదలైతే సబ్బు, షాంపూలోని లావెండర్ కూడా పడదు. కొత్త మిశ్రమాన్ని మోచేతి మడతలో రాసి ఒక రోజు చూడండి.

దోమలు పోతాయా?

లావెండర్‌ను నమ్ముకుని డెంగ్యూ సీజన్‌లో కూర్చోకండి. నిమ్మగడ్డి, సిట్రొనెల్లా కాస్త నయం, అవీ గంటా రెండు గంటలకు ఎగిరిపోతాయి. కిటికీకి మెష్, కుండీ పళ్ళేల్లో నీళ్ళు లేకుండా చూసుకోవడం, ఇవే ముఖ్యం.

టీలో చుక్క వేసుకుని తాగొచ్చా?

వద్దు. జర్మనీలో 80 మిల్లీగ్రాముల లావెండర్ నూనె క్యాప్సూల్‌ను ఆందోళనకు మందుగా వాడతారన్నది నిజం. అది మోతాదు కట్టి తయారుచేసిన మందు, మీ సీసా కాదు. టీ కావాలంటే తినడానికని అమ్మే ఎండు అంగుస్టిఫోలియా పూలు పావుచెంచా వేసుకోండి. ఎక్కువైతే సబ్బు తాగినట్టుంటుంది.

నిజంగా నిద్ర పడుతుందా, లేక భ్రమేనా?

వాసన మీద జరిగిన అధ్యయనాలు చాలావరకు చిన్నవి. కొంత మేలు కనిపించింది, అద్భుతాలు లేవు. నా మటుకు నాకు ఆ వాసన "ఇక ఫోన్ పక్కన పెట్టు" అనే గుర్తులా పనిచేస్తుంది. ఫోన్ పట్టుకునే ఉంటే ఏ లావెండరూ ఏమీ చేయలేదు.

## పిల్లలు, గర్భిణులు, జబ్బులున్నవాళ్ళు, పిల్లులు

మా పాపకు ఏడు నెలలు, జలుబుకు లావెండర్, నీలగిరి కలిపి రాయొచ్చా?

వద్దండీ. నీలగిరి తైలం, కర్పూరం, పుదీనా పసివాళ్ళ ముక్కు దగ్గరికే రానివ్వకూడదు, ఊపిరికి ఇబ్బంది అవుతుంది. కర్పూరం వల్ల ఫిట్స్ కూడా వస్తాయి. అమ్మమ్మలు కొబ్బరినూనెలో కర్పూరం కాచి ఛాతీకి రాసేవాళ్ళు, ప్రేమతోనే. అయినా ఇప్పుడు తెలిశాక మానేయాలి. స్పైక్ లావెండర్, లావండిన్‌లలో కూడా కర్పూరం ఉంటుందని గుర్తుంచుకోండి. ఏడాది లోపు పిల్లలకు ఏ ఎసెన్షియల్ ఆయిలూ రాయకండి. వట్టి కొబ్బరినూనెతో ఒళ్ళు రుద్దితే చాలు.

మూర్ఛ, ఆస్తమా ఉన్నవాళ్ళు ఇంట్లో ఉంటే?

మూర్ఛ ఉంటే నీలగిరి, కర్పూరం, రోజ్‌మేరీ, స్పైక్ లావెండర్ ఇంట్లోకే వద్దు. నీలగిరి, కర్పూరం నూనెలకూ ఫిట్స్‌కూ ఉన్న సంబంధం మీద మన బెంగళూరు న్యూరాలజిస్టులే పరిశోధన పత్రాలు రాశారు. తలనొప్పికి రాసుకునే బామ్‌లలో కూడా ఇవే ఉంటాయి, డబ్బా వెనక చదవండి. ఆస్తమా ఉంటే డిఫ్యూజర్ మానేయండి, బీరువా సంచులతో సరిపెట్టుకోండి.

గర్భంతో ఉన్నాను, వాడొచ్చా?

మొదటి మూడు నెలలు మానేయండి. తర్వాత మీ గైనకాలజిస్టును అడిగి, 1 శాతం లోపు.

ఇంట్లో పిల్లి ఉంది.

డిఫ్యూజర్ వద్దు. ఈ నూనెలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి తక్కువ. దాని బొచ్చు మీద పడితే నాకి మింగుతుంది కూడా. టీ ట్రీ మరీ ప్రమాదం, కుక్కలకు కూడా.

పొరపాటున పిల్లాడు సీసా నోట్లో పెట్టుకుంటే?

వాంతి చేయించకండి, నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. సీసా చూస్తే డాక్టరుకు ఏ నూనో, ఎంత పోయిందో తెలుస్తుంది.

## నిల్వ

ఎన్నాళ్ళు పాడవకుండా ఉంటుంది?

మూత తీసినప్పటి నుంచి లావెండర్ రెండేళ్ళు, నిమ్మ, నారింజ ఏడాది. మూత తీసిన తేదీ సీసా మీద రాయండి. గాలి తగిలేకొద్దీ లినలూల్ మారిపోయి ఎలర్జీ తెప్పించే పదార్థాలు పుడతాయి. పాతబడిన నూనెను ఒంటికి మానేసి చెత్తబుట్ట అడుగున దూదికి వేయండి. వట్టివేరు మాత్రం పాతబడేకొద్దీ బాగుపడుతుంది, ఆవకాయ లాగా.

ప్లాస్టిక్ సీసాలో పోసుకోవచ్చా?

వద్దు. ఏమీ కలపని ఎసెన్షియల్ ఆయిల్ కొన్ని ప్లాస్టిక్‌లను కరిగిస్తుంది, థర్మకోల్‌కు చిల్లే పడుతుంది. ముదురు రంగు గాజు సీసా, ఎండ తగలని అర. స్టవ్ పక్కన వద్దు, దేవుడి గూట్లో అసలే వద్దు.

మీ దగ్గర కొన్న బీరువా సంచి ఆరు నెలలకే వాసన పోయింది!

పోలేదు. సంచిని రెండు అరచేతుల మధ్య గట్టిగా నలపండి, లోపలి పూలు చిట్లి మళ్ళీ వస్తుంది. అప్పటికీ రాకపోతే కుట్టు విప్పి లావండిన్ రెండు చుక్కలు వేసి మళ్ళీ కుట్టండి. పట్టుచీర మడతలో నేరుగా పెట్టకండి, నూనె మరక పడితే పోదు. ఉగాదికి తీసుకురండి, నేనే నింపి ఇస్తాను.